పురిటికొచ్చిన తాబేలుకు హారతి

మాఘమాసం కదా అని ఈ రోజు పొద్దున్నే అంతర్వేదిలో సముద్రస్నానానికి వెళ్ళాను. ఒడ్డున గుంపు కనిపించింది. తొంగిచూస్తే, గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వచ్చిన సముద్రపు తాబేలు. వీపంతా పసుపు, కుంకుమబొట్లు, పైన బంతిపూల దండ. అది ముందుకు పాకబోతుంటే ఒకాయన కాలు అడ్డం పెట్టి ఆపుతున్నాడు.

"జరగండి, దాన్ని పోనివ్వండి" అన్నాను.

"సాక్షాత్తూ కూర్మావతారమండి మామ్మగారూ! హారతి అవ్వకుండా ఎలా పోనిస్తామండి?" అంది కర్పూరం వెలిగిస్తున్న ఆవిడ.

"నీకు పిల్లలున్నారా?"

"ఇద్దరండి."

"నొప్పులు పడుతుంటే మీ అమ్మ నిన్ను గుమ్మంలో ఆపి హారతి పట్టిందా?"

కాలు అడ్డం పెట్టినాయన "పెద్దావిడకి భక్తి తక్కువండి" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వుల మధ్యే తాబేలు వెనక్కి తిరిగి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఒక్క గుడ్డయినా పెట్టలేదు. స్వామి దర్శనమిచ్చి వెళ్ళాడని వీళ్ళు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకున్నారు. స్వామి కాదు, అది ఆడది! ఎంత దూరం తిరిగినా తాను పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. అంటే పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లన్నమాట. దానికి పురుడు పోయలేదు గాని, పసుపు కుంకుమ మాత్రం పెట్టి పంపించాం.

మీ ఇళ్ళలో కూడా పురిటికొచ్చిన ఆడపిల్లకి ఇంతేనా? జవాబు మాటల్లో రాయండి. దండం బొమ్మలు పెట్టారంటే ఊరుకోను.