దిండు తీసుకుని షామీర్‌పేటకు

మా ఇంటాయన విమానాశ్రయంలో పనిచేస్తాడంటే మా గల్లీవాళ్లు మొదట్లో ఆయనే విమానం నడుపుతాడనుకున్నారు. కాదని చెబితే, "మరి టికెట్లు చింపుతడా?" అని అడిగారు. పెళ్లయిన కొత్తలో నాకు తెలిసింది కూడా అంతే. ఏడో తరగతితో బడి ఆగిపోయినదాన్ని. ఒకరోజు అన్నం తింటూ ఆయనే చెప్పాడు.

"బస్టాండ్ల కంట్రోలర్ ఉంటడు సూడు, ఏ బస్సు ఎన్కకు తియ్యాలె, ఏది ఆగాలె అని మైకుల చెప్తుంటడు. గట్లనే నేను. కాకపోతె బస్సును ఆగుమంటె ఆగుతది. మావి ఆగయి."

ఆ ఆఖరి మాట నా మనసులోంచి పోలేదు. ఆయన మజ్జిగ పోసుకుని మామూలుగానే తిని లేచాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆకాశంలో చప్పుడు వినిపిస్తే చేతిలో పని ఆపి తల పైకెత్తడం మొదలుపెట్టాను.

అప్పుడు విమానాశ్రయం ఇంకా బేగంపేటలోనే ఉండేది. మేము మేడ్చల్‌లో, కొత్తగా ప్లాట్లు పడుతున్న చోట రెండు గదులు కట్టుకుని పైన రేకులు వేసుకున్నాం. ఆయన స్కూటర్ మీద పోయి వచ్చేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నుంచి పగటి డ్యూటీ, ఒకరోజు పొద్దటి డ్యూటీ, ఒకరోజు రాత్రంతా. రాత్రి డ్యూటీ ఉన్ననాడు మధ్యాహ్నం పడుకుని తీరాలి. ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను.

"ఒక్కనాడు నిద్రలేకపోతె ఏమయితది? నీకు జొరమొచ్చినప్పుడు నేను రాత్రులకు రాత్రులు మేలుకోలేదా?"

ఆయన దిండు సర్దుకుంటూ చెప్పాడు. "నిద్రలేకపోతె కండ్లు మూతవడుతయని కాదు. కండ్లు తెరుసుకునే ఉంటయి. నాలుకనే దానంతటది మాట్లాడుతది. రోజూ ఒక విమానానికి ఒక ఎత్తు చెప్తుంటం. ఇయ్యాల ఆ ఎత్తుల ఇంకోటి ఉన్నా సరే, అలవాటుగ గదే చెప్పేస్తది. అవతల పైలట్ మంచిదంటడు. అంతే."

"అంతే అంటె?"

"అంతే."

ఇక నేను అడగలేదు. అసలు అడగకుండా ఉండాల్సింది అనిపించింది. నేను విమానం ఎక్కలేదు, దగ్గరనుంచి చూసిందీ లేదు. అయినా దండెం మీద బట్టలు ఆరేస్తుంటే పైనుంచి ఒకటి పోయినప్పుడల్లా, అందులో తల్లి ఒళ్లో నిద్రపోతున్న పిల్ల కనిపించేది నాకు. ఎవరో ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని కిందికి చూస్తున్నట్టు ఉండేది. వాళ్లకేం తెలుసు, మేడ్చల్‌లో రేకుల ఇంట్లో ఒక మనిషికి మధ్యాహ్నం నిద్ర పట్టిందో లేదో! తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఆ నిద్రకు నేను కావలి కూర్చున్నాను.

రాత్రి డ్యూటీ ఉన్ననాడు కుక్కర్ పెట్టేదాన్ని కాదు. అన్నం గిన్నెలోనే వండి వార్చేదాన్ని. ఐస్‌ఫ్రూట్ అమ్మే అతనికి మా ఇంటి ముందు గంట కొట్టొద్దని చెప్పాను. పాత చీరలకు గిన్నెలు ఇచ్చే ఆమె గొంతు మరీ పెద్దది, ఆమెను గల్లీ మొదట్లోనే ఆపేసి నేనే చీర పట్టుకుని పోయేదాన్ని. పక్కింటి ఆవు మెడలో గంటకు గుడ్డ చుట్టాను. గోడకు బంతి కొట్టే పిల్లలను చూసి నోటి మీద వేలు పెడుతూ ఉంటే వాళ్లు నాకు ఉష్ అక్క అని పేరు పెట్టారు. సంతకు పోతే కూడా వెనుకనుంచి "ఉష్ అక్కా!" అని అరిచేవాళ్లు. పోనీలే అనుకున్నాను, అరుపేదో సంతలో అరిస్తే నాకేం.

ఒక ఎండాకాలం బావులన్నీ అడుగంటాయి. మా పక్కిల్లు భూములున్నవాళ్లది. పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతున్న పెద్దమనిషి ఆయన, నేను అన్నా అని పిలిచేదాన్ని. వాళ్ల బోరు ఎండిపోయింది. కూతురి పెళ్లి దగ్గర పడింది. బోరు బండికోసం ఆయన కాళ్లరిగేలా తిరిగాడు. ఆ బండి వచ్చింది. ఎప్పుడు? మా ఆయనకు రాత్రి డ్యూటీ ఉన్ననాడు, అన్నం తిని అప్పుడే నడుం వాల్చినప్పుడు. ఎక్కడ? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాడు ఆ పెద్ద జాగా అంతా తిరిగి తిరిగి, సరిగ్గా మా పడకగది గోడ అవతల ఆగాడు. అక్కడే కాయ లేచి నిలబడిందట.

బండి మోత మొదలవగానే మా రేకులు గడగడలాడాయి. నేను చెప్పుల్లేకుండానే పరుగెత్తాను.

"అన్నా, జర రేపు వేపిచ్చుకోరాదు! మా ఆయనకు రాత్రి డ్యూటీ ఉన్నది."

"ఏంది చెల్లె గట్ల ఉరికొస్తున్నవ్! ఇయ్యాల ఇడిసిపెడితె బండి మళ్ల దొరుకుతదా? పెండ్లికొచ్చినోళ్లు చేతులు దేనితోని కడుక్కోవాలె?"

"నిద్రలేకపోతె ఆయన ఇమానాలెట్ల సూస్తడన్నా?"

"తోలెటోళ్లు పైలట్లు గదనే. మీ ఆయన పండుకోకుంటె వాళ్లు తొవ్వ మర్సిపోతరా?"

"పక్కపొంటి ఇంకోటి వస్తున్నదని పైలట్‌కెట్ల తెలుస్తది? మా ఆయన చెప్తెనే గద!"

పక్కింటి అన్న బండి వైపు చూశాడు. తప్పు మాట్లాడకూడదు, మంచివాడే. కానీ వాకిట్లో పందిరి గుంజలు పాతి ఉన్నాయి, తొట్లన్నీ బోర్లించి ఉన్నాయి. "నేనేం జెయ్యాలె చెప్పు చెల్లె" అన్నాడు, చేతులు చాపి.

బండివాళ్లు తమిళం వాళ్లు. డ్రైవర్ దగ్గరికి పోయి రెండు చేతులు రెక్కల్లా చాపి చూపించాను, తర్వాత చెంప కింద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. అతను నవ్వి, బండి నీడలో పరిచిన గోనెసంచి చూపించాడు. నన్నే పడుకోమన్నాడు.

ఇంట్లోకి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. గది నిండా తెల్లటి దుమ్ము. అప్పుడు నాకు మా అమ్మగారి ఇల్లు గుర్తుకొచ్చింది. షామీర్‌పేటలో, పాత మట్టి గోడల ఇల్లు, వెనుక వడ్లు పోసుకునే చీకటి గది. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. అక్కడ బోరు బండి లేదు, ఐస్‌ఫ్రూట్ గంట లేదు. అక్కడికి పోదామన్నాను.

"మీ ఇంటికా? నన్ను పండుకోనిస్తరా?" అన్నాడాయన.

"ఎందుకు పండుకోనియ్యరు? మా అమ్మకు నేను చెప్త."

ఆయనకు ఆయన దిండు లేకుండా నిద్రపట్టదు. దిండు, దుప్పటి కలిపి మూట కట్టి ఒళ్లో పెట్టుకుని స్కూటర్ వెనుక కూర్చున్నాను. తొవ్వ పొడుగునా ద్రాక్ష తోటలు ఎండలో వడలిపోయి ఉన్నాయి. ఇంటికి చేరి గంటైనా పడుకుంటే చాలని, దారంతా అదే ధ్యానం.

మేము వాకిట్లో దిగేసరికి మా అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. అల్లుణ్ణి చూసింది, కొంగు తల మీదికి లాక్కుంది. నన్ను చూసింది. నా చేతిలో మూట చూసింది. చాట అక్కడే వదిలేసి తలుపు వెనక్కి పోయింది. మా వైపు అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు కాబట్టి నేనేమీ అనుకోలేదు. ఆయనకు వెనుక గదిలో మంచం వేసి, దిండు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. చూస్తే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏం జేసినవే?"

"నేనేం జేసిన? ఆయన పండుకోవడానికి వచ్చినం."

"సొంత ఇల్లు వెట్టుకొని పండుకోవడానికి ఇంత ఎండల ఎవలన్న వస్తరానే! నాకాడ దాస్తున్నవా? మూట గట్టి తోలుకొచ్చిండు గద!"

అప్పుడు అర్థమైంది నాకు. పెళ్లయి ఏళ్లవుతున్నా మాకు ఇంకా పిల్లలు లేరు. మొగుడు భార్యను మూటతో సహా మధ్యాహ్నం పూట పుట్టింటికి తెచ్చాడంటే మా ఊళ్లో దానికి ఒకటే అర్థం. అందులో దిండు ఉందని విప్పి చూపిస్తే సరిపోయేది, కానీ దిండు ఆయన తల కింద ఉంది. బోరు బండి సంగతి చెబితే అమ్మ వినలేదు. మేము వచ్చిన నిమిషంలోనే ఎవరినో పంపించి మా పెద్దనాయినకు కబురు చేసేసింది.

పెద్దనాయిన ఒక్కడే రాలేదు. ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, భుజం మీద తువ్వాలతో, పంచాయితీకి వచ్చినట్టే వచ్చాడు. నేను అడ్డం పడేలోపే వెనుక గది తలుపు తోశాడు.

"అల్లుడా, లే. నిద్ర తర్వాత వోవచ్చు."

ఆయనకు అప్పుడే కన్ను అంటుకుంది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ముగ్గురూ మంచం చుట్టూ పీటలు వేసుకున్నారు.

"నీకేం కట్టమొచ్చింది, చెప్పు. పిల్ల వంట మంచిగ జెయ్యదా?"

"మంచిగనే జేస్తది మామా."

"నోరు పెద్దదా? వాళ్ల అమ్మది గూడ పెద్దదే, మేం ఓర్సుకోలేదా?"

తలుపు వెనుకనుంచి అమ్మ గొంతు. "పిల్లలు లేరనే గదనే. అడుగుమను. సక్కగ అడుగుమను."

అందరూ నేల చూశారు. నేను గుంజకు ఆనుకుని నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. ఎండ గడపలోకి ఎంత వచ్చిందా అని చూస్తున్నాను, పొద్దు వాలుతోంది, ఆయన పడుకోలేదు, అదే నా బాధ. ఆయన నా వైపు చూసి, తలుపు వైపు తిరిగి చెప్పాడు.

"అత్తమ్మా, ఈమెను ఇడిసిపెట్టడానికి రాలేదు. నేను పండుకోవడానికి వచ్చిన. ఇంటికాడ బోరు వేస్తున్నరు. నిద్రలేకుంట మైకు మీద కూసుంటె మనుషులు సస్తరు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దనాయిన తొడ మీద చరుచుకుని నవ్వాడు. "గింతేనా! గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా!" అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇక అందరూ లేచిపోతారు, ఆయన పడుకుంటాడని నేను ఊపిరి పీల్చుకున్నాను.

కానీ మూట భయం పోయాక మిగిలింది ఏమిటి? ఇంటికి అల్లుడు వచ్చాడు. కోడిని పట్టాలి కదా. పుంజు కూడా తెలివిగా ఆ చీకటి గదిలోకే దూరింది. పిల్లలు, పెద్దలు మంచం కిందా మీదా దాన్ని తరిమారు. కల్లు తెప్పించారు. డ్యూటీ ఉంది, తాగకూడదని ఆయనంటే, "మా కల్లు తాగితె ఇమానం కిందవడతదా?" అని పెద్దనాయిన అలిగాడు. విమానంలో దొడ్డికి ఎట్ల పోతారని ఒకాయన అడిగాడు. దానికి జవాబు చెప్పాక, మరి అది ఎక్కడ పడుతుందని ఇంకొకాయన అడిగాడు. నేను అందరి ముందూ నోటి మీద వేలు పెట్టుకుని తిరిగాను. మా ఊళ్లో నన్ను ఎవరు లెక్కచేస్తారు!

కూర పొయ్యి మీదికి ఎక్కేసరికి ఆయన లేచి తొట్టి దగ్గర మొహం కడుక్కున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చొక్కా తొడుక్కుంటుంటే చూశాను, గుండీలు ఒకటి వదిలేసి ఒకటి పెట్టుకుంటున్నాడు. కింద అంచు ఒక పక్కకు వేలాడుతోంది. ఆయనకు తెలియడం లేదు. చేతులు వాటంతటవి పెట్టుకుపోతున్నాయి.

"ఇయ్యాల పోకు" అన్నాను.

"పోకుంటె నా జాగల ఎవలు కూసుంటరు? పగటి డ్యూటీ ఆయన్నే మళ్ల కూసోవెట్టాలె. మొన్న నీకు జొరమొస్తె సెలవు వెట్టి ఇంకా నెల గూడ గాలే. మళ్ల ఏం మొహం వెట్టుకొని అడగాలె?"

స్కూటర్ తీశాడు. నేను కూడా ఎక్కి కూర్చున్నాను, చౌరస్తాదాకా వస్తానన్నాను. అక్కడ దిగాను. ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. కరీంనగర్ వైపు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

"నీ గుండీలు సూసుకో" అన్నాను.

ఆయన కిందికి చూశాడు. విప్పి సరిగా పెట్టుకోలేదు. బండి స్టాండ్ వేసి ఫోన్ చెయ్యడానికి బూత్ లోపలికి పోయాడు.

అద్దంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. ఆలస్యంగా వస్తున్నానని చెబుతున్నాడా, రానని చెబుతున్నాడా, లారీల మోతలో ఒక్క మాట వినిపించలేదు. మెడ మీద చెమట కారుతోంది. తల ఊపాడు. మళ్లీ ఊపాడు. తర్వాత అడ్డంగా ఊపి చాలాసేపు వింటూ నిలబడ్డాడు. వచ్చి తీరాలంటే ఏం చేయాలి, స్కూటర్‌కు అడ్డంగా నిలబడనా అని ఆలోచించాను. నిలబడేదాన్నే.

బయటికి వచ్చాడు. "నేను పండుకోలేదు, మైకు మీద కూసోను అని చెప్పిన."

"ఏమన్నరు?"

"అత్తగారింటికి పోతె నిద్రెట్ల వడతదని నవ్విన్రు. ఉత్తగ అంటలేనని అర్థమయినంక నవ్వలేదు. పగటి డ్యూటీ ఆయన ఆగుతడంట. రేపు ఆయన డ్యూటీ నేను చెయ్యాలె."

అమ్మగారింటికి తిరిగి వచ్చి వాకిట్లో మంచం మీద వాలాడో లేదో, గురక. కూర పొయ్యి మీదే ఉంది. అమ్మ తలుపు వెనుకనుంచి రాలేదు కానీ గంటె కూడా చప్పుడు కాకుండా తిప్పింది. పొద్దంతా అందరికంటే పెద్ద గొంతుతో మాట్లాడిన పెద్దనాయిన మంచం పక్కన పీట వేసుకుని, మిగిలిన కోళ్లు దగ్గరికి రాకుండా తువ్వాలతో తోలుతూ కూర్చున్నాడు. ఎవరైనా గడప దాటి వస్తే ఆయనే నోటి మీద వేలు పెట్టాడు.

ఊరి చెరువు మీద వెలుగు తగ్గుతుండగా పైన ఒక విమానం వచ్చింది. కింద పొట్ట దగ్గర దీపం వెలుగుతూ ఆరుతూ, పట్నం వైపు దిగుతోంది. పెద్దనాయిన తల ఎత్తి గుసగుసగా అడిగాడు.

"ఇయ్యాల గదాన్ని మనోడు సూసుకుంటలేడు గద?"

"లేదు. ఇంకొకాయన."

"మరి ఆయన పండుకున్నడా?"

మా ఆయన బదులు ఆగిన మనిషి మధ్యాహ్నం నుంచి అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయనకూ ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన రాలేదని ఎవరో గేటు వైపు చూస్తుంటారు. విమానం దీపం తాటిచెట్ల వెనక్కి దిగిపోయింది. మా ఆయన అటు నుంచి ఇటు ఒత్తిగిల్లాడు, లేవలేదు. అన్నం తినడానికి రమ్మని అమ్మ సైగ చేసింది. వస్తానని చెయ్యి ఊపి, ఇంకోటి వచ్చి అది కూడా క్షేమంగా దిగేదాకా చూద్దామని నేను వాకిట్లోనే నిలబడ్డాను.