మేస్త్రి మావయ్య బాగుచేసిన దయ్యాల ఇల్లు

మా మేనమామ నలభై ఏళ్ళు తాపీమేస్త్రిగా పనిచేశాడు. మోకాళ్ళు మొరాయించాక మా ఇంటికొచ్చి, నా గదిలోనే ఓ కుర్చీ వేసుకుని స్థిరపడ్డాడు. అప్పటికి నేను నాలుగేళ్ళుగా ఒంటిచేత్తో ఓ వీడియో గేమ్ తయారుచేస్తున్నాను. పాడుబడ్డ ఇల్లు, ఎడతెగని వాన, గోడ పగుల్లోంచి దూరి వచ్చే దయ్యం. గొప్పలు చెప్పుకోవడం కాదుగానీ, గ్రాఫిక్స్ అదిరిపోయాయి. పెచ్చులూడిన చోట ఇటుక మీద తడి కూడా కనిపిస్తుంది. రెండుసార్లు వాయిదా పడ్డ విడుదల ఇంక పది రోజుల్లో ఉంది. ఈసారీ తప్పితే, ఎదురుచూస్తున్నవాళ్ళు నా మొహం చూడరు.

మావయ్య తెర వైపు ఒక్కసారి చూసి, "ఎవడ్రా ఈ ఇల్లు కట్టింది?" అన్నాడు.

"నేనే మావయ్యా."

"సిగ్గులేదూ? పైన పైపే లేదు, గోడకి చెమ్మెలా వచ్చింది?"

నిజమే, లేదు. నా బుద్ధి గడ్డి తిని ఓ పైపు గీశాను. పైపుంటే ట్యాంకుండాలన్నాడు. ట్యాంకు పెడితే, ఆ బరువుకి దూలం ఆగదన్నాడు. దూలం మార్చేసరికి నాలుగు రోజులు హారతి కర్పూరమయ్యాయి.

ఆఖరికి పగులు మీద పడ్డాడు.

"అది పూడ్చాల్సిందే."

"పూడిస్తే దయ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"దయ్యం కోసం గోడ పగలగొట్టుకుంటారట్రా ఎవరైనా?"

పోరు పడలేక, ఆయన ఆడుకునే కాపీలో మాత్రం తాపీ, సిమెంటు పెట్టి కంట్రోలర్ చేతికిచ్చాను. రెండ్రోజులు పీడ వదిలిందనుకున్నాను. మూడో రోజు చూస్తే పగుళ్ళన్నీ పూడ్చి, మెట్లు సరిచేసి, గచ్చు నున్నగా తీర్చేశాడు. దయ్యం బయట వానలో నిలబడి గోడ గోకుతోంది.

"ఈ కాపీనే జనానికివ్వు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఇది ఇల్లు కాదు మావయ్యా, బొమ్మ! దయ్యం రాకపోతే ఆటెక్కడుంది? ఆడకుండా మనిషినలా కుర్చీలో కూర్చోబెట్టావేంటి?"

నిజంగానే ఆటలో మనిషి ముందుగదిలో ఊరికే కూర్చునున్నాడు.

"ముప్పై ఏడు ఇళ్ళు కట్టానురా," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. "తాళంచెవి ఇచ్చేశాక ఒక్క ఇంట్లోనూ నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు."

విడుదల మళ్ళీ వాయిదా అని రాసి పడేశాను. ఆయన కాపీలోనే, మేకులు కొట్టి బిగించిన వీధి తలుపుకి మేకులు తీసేసి గొళ్ళెం పెట్టాను. దయ్యం ఇకమీదట తలుపు తట్టి వస్తుంది.

మర్నాడు తలుపు చప్పుడైంది. మావయ్య ఆటలో లేచెళ్ళి గొళ్ళెం తీశాడు. ఎదురుగా జుట్టు విరబోసుకుని, నీళ్ళోడుతూ, కోరలతో దయ్యం. చేసినవాణ్ణి, నేనే జడుసుకున్నాను.

మావయ్య నా వైపు తిరిగాడు.

"గచ్చు పాడవుతుంది, కాళ్ళు తుడుచుకోమను. లోపలికొచ్చి కూర్చోమను."

దయ్యం కాళ్ళు తుడుచుకోవడం, వచ్చి కూర్చోవడం గీసేసరికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది.