పాదాల లైను

జొన్న రొట్టెను పెనం మీద నుంచి దించి, పొయ్యి అంచుకు నిలబెట్టి, విరిస్తే పటుక్కుమని విరిగేంత గట్టిగా కాల్చేటప్పుడు ఒక వాసన వస్తుంది. మాడడానికి ఒక్క క్షణం ముందు ఆగిపోయిన వాసన అది. మొన్న, ఈ డిసెంబరులోనే ఒక ఉదయం, నల్లగొండలో మా ఇంట్లో ఆ వాసన లేస్తే, పైవాటా ఆవిడ దిగొచ్చి పొయ్యి మీద ఏదో మరిచిపోయినట్టున్నారని చెప్పింది. మరవలేదు, ప్రయాణానికి కటక రొట్టెలు చేస్తున్నాను అన్నాను. దారి పొడవునా హోటళ్లుండగా ఈ పాత పద్ధతి ఎందుకని ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. ఇలాంటి రొట్టెలు, నువ్వుల పొడి, వెల్లుల్లి కారం మూటగట్టుకుని మా ఇంటివాళ్లం ఒక చలికాలంలో పండరిపురం పోయివచ్చాం. ఆ ప్రయాణాన్ని పాత పద్ధతి అని కొట్టిపారేస్తే ఊరుకునే ఓపిక నాకు లేదు.

తెలంగాణ రావడానికి ఇరవై ఏళ్లో ఇరవై రెండేళ్లో ముందు, అప్పుడు నేను ఏడో తరగతి. మాది హాలియాకు దగ్గరలో, సాగరు కాలువ నీళ్ల మీద బతికే ఊరు. వడ్ల కోతలు అయిపోయి కల్లాలు ఖాళీ అయ్యాక మా ఊరికి అసలైన చలికాలం వచ్చేది. పొద్దున మంచులో పొలం గట్లు కనపడేవి కావు, మనుషుల దగ్గు ముందు వినపడి తర్వాత మనుషులు కనపడేవారు. వాకిట్లో ఎండపొడ పడేచోట గొంగడి పరుచుకుని, ఉప్పు వేసి ఉడికించిన అనపకాయలను ఒలుచుకు తింటూ, జేబుల నిండా రేగుపండ్లు పోసుకుని, వాటి గింజలను ఎవరు ఎంత దూరం ఊస్తారో పందేలు వేసుకుంటూ, బడి గంట మోగేదాకా అక్కడే కూర్చునేవాళ్లం. అది ధనుర్మాసం. తెల్లవారకముందే రామాలయంలో దీపాలు వెలిగేవి, వేడి పులగం ప్రసాదం అరిటాకు ముక్కలో పెట్టేవారు, అది అరచేతిని కాలుస్తున్నా కింద పెట్టకూడదు.

ఆ గుళ్లో ఆడవాళ్ల భజనకు మా అవ్వ ముందు నిలబడేది. మా బాపును కన్న తల్లి ఆమె. అక్షరం రాదు గాని భాగవతంలో ఏ కథ తర్వాత ఏ కథ వస్తుందో తడుముకోకుండా చెప్పేది. శనివారాలు మమ్మల్ని గుడి మండపంలో కూర్చోబెట్టి, గీతలో అధ్యాయాలు ఒప్పజెప్పించి, తప్పు చదివితే చిడతలతో మోకాలి మీద మెల్లగా కొట్టేది. నా చదువు అక్కడ మొదలైంది. బడి ఆ తర్వాత వచ్చింది.

ఆ ఏడాది అవ్వ కళ్లకు నీటికాసులని నల్లగొండ దవాఖానలో చెప్పారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. అప్పటికే ఆమెకు ఎదుటి మనిషి నీడలాగా కనిపించేది, ముక్కు దగ్గర పెట్టుకుంటే చేతి వేళ్లు కనిపించేవి. దవాఖాన నుంచి వచ్చిన రోజు ఆమె ఏడవలేదు, దేవుణ్ని తిట్టలేదు. చీకటి కాకముందే పండరిపురం తీసుకుపొమ్మని మాత్రం అడిగింది.

తీసుకుపోవడానికి బండి ఉంది. బాపు తమ్ముడు, మా చిన్నాయనకు, కిరాయికి తిప్పే జీపు ఒకటి ఉండేది. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు కనుక జీపు ఖాళీగానే ఉంది. లేనిది కాలం. కాలువ నీళ్లు ఊరి పొలాలకు వంతుల ప్రకారం వదిలేవారు. మా వంతు బుధవారం తెల్లవారుజామున. ఆ వంతు తప్పితే మళ్లీ వంతు వచ్చేలోపు నారు ఎండిపోతుంది, యాసంగి పంట పోతుంది. శనివారం దాకా బాపుకు పొలంలో పని. అంటే ఆదివారం పొద్దున కదిలి మంగళవారం చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. నడుమ మిగిలింది ఒక్క సోమవారం.

ఆ ఒక్క సోమవారంలో మేము ప్రపంచమంతా ఇరికించాలని చూశాం. పాత క్యాలెండరు కాగితాన్ని తిరగేసి గొంగడి మీద పరిచి, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్, కొడంగల్, గుల్బర్గా, షోలాపూర్ అని ఊర్ల పేర్లు ఒకదాని కింద ఒకటి నేనే రాశాను, లెక్కల్లో నేను గట్టిదాన్నని ఆ పని నాకు అప్పగించారు. ఎవరికి వాళ్లు ఒక ఊరు కోరుకున్నారు. అమ్మకు గాణుగాపురం దత్తాత్రేయుడు కావాలి. బాపుకు తుల్జాపురం భవాని. చిన్నాయనకు షోలాపూర్ దుప్పట్ల బజారు. నాకు బిజాపూర్ గోల్ గుంబజ్. అక్కడ గోడ దగ్గర గుసగుసగా మాట్లాడితే అవతలి గోడ దగ్గర వినబడుతుందని మా సారు చెప్పినప్పటి నుంచి, అక్కడ నిలబడి ఏ మాట అనాలో కూడా నేను తీర్మానించుకుని ఉన్నాను. ఊర్ల మధ్య గంటలు రాసి, కూడి, కొట్టేసి, మళ్లీ కూడి, మూడు రోజుల పాటు పొద్దటి ఎండలో ఆ కాగితం చుట్టే మా ఇల్లంతా తిరిగింది. చివరికి చిన్నాయన ఒక దారి చూపాడు. పోయేటప్పుడే ఆదివారం గాణుగాపురం. సోమవారం పొద్దున పండరిపురంలో ముఖ దర్శనం, అది అరగంట. ఆ తర్వాత తుల్జాపురం, షోలాపూర్, బిజాపూర్. నేను రాసుకుని కింద గీత గీసేశాను.

పండరిపురంలో రెండు లైన్లుంటాయి. ముఖ దర్శనం లైనులో దూరం నుంచి స్వామి ముఖం చూసి వెళ్లిపోవచ్చు. పాద దర్శనం లైనులో గర్భగుడి దాకా పోయి స్వామి పాదాల మీద తల ఆనించవచ్చు, కులం అడగరు, గోత్రం అడగరు. ఆ లైను మాత్రం గంటల తరబడి సాగుతుంది, ఒక్కోసారి పొద్దంతా పడుతుంది.

అనపకాయలు ఒలుస్తున్న అవ్వ చేతులు ఆగాయి. తనకు పాదాల లైనే కావాలంది.

చిన్నాయన ఓపికగా చెప్పి చూశాడు. ఆమె మోకాళ్లు ఆగవన్నాడు, చలి అన్నాడు, ఎక్కడి నుంచి చూసినా దేవుడు దేవుడే అన్నాడు. మూడు ఊర్లు పోతాయని, పిల్ల ఆశ పడుతుందని నా వైపు చూపించాడు.

"మొకం మీరు చూడుండ్రి, కండ్లున్నోళ్లు," అంది అవ్వ. "నాకు గంత దూరం నుంచి ఏం కనవడ్తది? గోడకు మొక్కినట్టుంటది. నన్ను లైన్ల నిలవెట్టి మీరు తిరిగి రాండ్రి."

"ఒక్కదాన్నా?" అన్నాడు బాపు.

"ఒక్కదాన్నెందుకైతరా? ఆయన లేడా ఆడ?"

దాంతో చిన్నాయనకు కోపమొచ్చింది. "తెల్లారంగ నిలవడితే పొద్దూకుతదే అమ్మా. ఒక్క గడియ సంబురానికి దినమంత పోగొట్టుకుంటమా?"

అప్పుడు అవ్వ అన్న మాట నేను ఎన్నిసార్లు ఎంతమందికి అప్పజెప్పానో లెక్కలేదు. తల్లిదండ్రుల కాళ్లు ఒత్తుతున్న పుండరీకుడు, వాకిట్లోకి వచ్చిన దేవుణ్ని కొంచెం ఆగమని ఒక ఇటుక విసిరితే, దాని మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని స్వామి ఇంకా ఎదురు చూస్తున్నాడన్న కథ మాకందరికీ తెలుసు. మండపంలో నేనే నాలుగుసార్లు చెప్పి ఉంటాను.

"ఆయన ఇటుక మీద నిలవడి ఎన్నేండ్లాయె?" అంది. "కూసున్నడా? నడుం వాల్చిండా? నేను ఒక్క దినం నిలవడలేనా? నిలవడకపోతే మీకు చెప్పిన కతలన్ని అబద్దాలేనా మరి?"

బాపు నా వైపు కాగితం జరిపాడు. నేను భక్తితో బిజాపూర్‌ను కొట్టేశానని చెప్పను. నాకు ఏడుపొచ్చింది, పెన్సిలు మొన విరిగేంత గట్టిగా కొట్టేశాను, ఆ రోజంతా అవ్వతో మాట్లాడలేదు. కానీ కథ చెప్పిన నోటితో ఆమెకు ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. బాపు తుల్జాపురం వదులుకున్నాడు, చిన్నాయన దుప్పట్లు వదులుకుని, ఇక జీపులో చలికి వణకడమే నా రాత అని గొణిగాడు. దారిలో ఉంది కనుక అమ్మ గాణుగాపురం ఒక్కటీ మిగిలింది.

అది కూడా మా చేతులారా పోగొట్టుకున్నాం. ఆదివారం పడమర దిక్కుకు వారశూల, ఆ రోజు అటు ప్రయాణం కట్టకూడదు. బాపు పంచాంగం దాటే మనిషి కాదు. దానికి పరిహారంగా ప్రస్థానం అనే పద్ధతి ఉంది. ముందు రోజు మంచి గడియలో మూట ఒకటి ఆ దిక్కున ఉన్న ఇంట్లో పెట్టివస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. శనివారం బాపు అవ్వ బట్టలు, కంటి చుక్కల మందు మూటగట్టి, ఊరికి పడమటి కొసన అవ్వతో పాటు భజన చేసే రాములమ్మ ఇంట్లో పెట్టివచ్చాడు. ఆదివారం అయిదింటికే మంచులో జీపు తీసుకుని ఆ ఇంటి ముందు ఆపితే, తాళం. ధనుర్మాసంలో ఆ వేళకు రాములమ్మ గుళ్లో ఉంటుందని ఊళ్లో అందరికంటే మాకే తెలియాలి. తాళంచెవి ఆమె నడుముకు, ఆమె గుళ్లో స్వామి ముందు. నేను పరిగెత్తి పిలుచుకొస్తానంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది, పూజ నడుమ మనిషిని లేపొద్దంది. ప్రసాదాలు పంచి రాములమ్మ వచ్చేసరికి గంటన్నర గడిచింది. కాగితంలో గాణుగాపురానికి నేను పెట్టింది కూడా సరిగ్గా గంటన్నరే.

"శూల నీకు తప్పింది, నాకు తగిలింది," అంది అమ్మ బాపుతో, జీపు ఎక్కుతూ. కొడంగల్ దాటేదాకా ఆ మాట ఆయనను వదల్లేదు.

ఆ దారి నాకు ఇప్పటికీ ముక్కుతో గుర్తుంది. దేవరకొండ గుట్టల మధ్య చలిమంటల పొగ, కల్వకుర్తి దగ్గర పత్తి చేన్ల దుమ్ము, మహబూబ్‌నగర్ దాటాక ఎండిన కందికట్టెల వాసన, ఆపైన నల్లరేగడి మీద ఆకుపచ్చగా నిలబడిన జొన్న. కిటికీలకు అద్దాలు లేని జీపులో టార్పాలిన్ టపటపా కొట్టుకుంటుంటే, గొంగళ్లు కప్పుకుని రొట్టెలు విరుచుకు తింటూ, అవ్వ అందుకుంటే మేమంతా పాడుతూ పోయాం.

సోమవారం తెల్లారుతుండగా లైనులో నిలబడ్డాం. అందరం నిలబడ్డాం, ఒక్కరూ పక్కకు పోలేదు. ఇనుప కమ్మీల మధ్య చలికి కాళ్లు మొద్దుబారాయి, తర్వాత ఎండ వచ్చింది, తర్వాత అది కూడా నడినెత్తి దాటింది. ముందున్న మరాఠీ ముసలామె అవ్వకు తన భుజం ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా విఠలా అన్న ఒక్క మాటతో ఇద్దరూ గంటలు గడిపారు. మూడోసారి అవ్వ కమ్మీ పట్టుకుని ఆగినప్పుడు చిన్నాయన వంగి ఆమెను వీపున ఎక్కించుకోబోయాడు. అవ్వ వద్దంది, నడిచే పోయింది. గర్భగుడిలో మాకు దొరికింది ఒక్క ఊపిరంత సేపు. నేను ముఖం చూశాను. అవ్వ చూడడానికి ప్రయత్నం కూడా చేయలేదు. రెండు చేతులతో పాదాలు తడిమి, నుదురు ఆనించింది. వెనక నుంచి తోస్తే లేచింది.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని తన అరచేతుల వైపే చూసుకుంది.

"అరిగినయి బిడ్డా," అంది నాతో. "ముట్టి ముట్టి అరగదీసిండ్రు. అయినా నిలవడే ఉన్నడు."

తర్వాతి ఏడాది ఆమె చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ భజనకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పాదాలు ఎంతెత్తున ఉంటాయో, బొటనవేలు ఎక్కడ అరిగిందో చేతులతో చూపించేది, చూసొచ్చిన వాళ్లు సరిగ్గా చెప్పకపోతే సరిదిద్దేది. ఆమె లేదు. చిన్నాయన జీపు అమ్మేశాడు. రామాలయంలో తెల్లవారుజామున ఇప్పుడు స్పీకరు పాడుతుంది, మనుషులు తక్కువ. క్యాలెండరు కాగితం చుట్టూ కూర్చుని ఎవరు దేన్ని వదులుకోవాలో తేల్చుకునే ఇల్లు కూడా నాకు ఎక్కడా కనపడదు. దారి ఫోను చెబుతుంది, వేళ ఫోను చెబుతుంది, దేవుడు కూడా ఫోనులోనే కనపడతాడు కదా అని నా ముఖం మీదే అనేవాళ్లున్నారు. నమ్మకం లేనివాళ్లు ఆ మాట అంటే నాకు పట్టింపు లేదు. నమ్ముతున్నామని చెప్పుకునేవాళ్లు, తీరిక లేదని అంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ ఆదివారం మా ఇంటిల్లిపాదీ బయలుదేరుతున్నాం. ఆదివారం పోను సెలవులు రెండు రోజులే. ముఖ దర్శనం చేసుకుని నాలుగు ఊర్లు చుట్టివద్దామని మా ఆయన, పిల్లలు అడుగుతున్నారు. నేను కాగితం తీసుకుని మొదటి వరుసలోనే పాదాల లైనుకు ఒక పూర్తి రోజు రాసిపెట్టాను. మిగిలిన ఊర్లు ఏవి పోతాయో వాళ్లనే తేల్చుకోమన్నాను.