పసిరికలంటే కామెర్లే

ఆ ఉదయం ఒక తల్లి చెప్పిన మాట నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను. నా తప్పు అక్కడ మొదలైంది.

1987లో మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, కొంతం చౌక్ దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో అనస్థటిస్టుగా, అంటే ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుగా, పనిచేసేవాణ్ణి. మాది తెనాలి వైపు. చుట్టూ ఉన్నవాళ్లు తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లు. తెలుగువాళ్లే కదా, భాష సమస్య ఉండదని నా ధీమా.

ఏడేళ్ల లతకు తొడ మీద గడ్డ చీముపట్టింది. తండ్రి పవర్‌లూమ్ నడుపుతాడు, తల్లి నర్సూబాయి బీడీలు చుడుతుంది.

"పాపకు ఈమధ్య కామెర్లేమైనా వచ్చాయా?" అని అడిగాను.

"గవేం రాలే సాబ్. పసిరికలైనయి. పసరు తాపిచ్చినం."

అజీర్తికి ఏదో ఆకుపసరు పట్టించారనుకున్నాను. "పసరేగా, ఫరవాలేదు" అన్నాను. కళ్లు చూశాను గానీ పసుపుపచ్చ బల్బు వెలుగులో చూశాను, తేడా తెలియలేదు. మత్తుకు డయాజెపామ్, ఆపైన హాలోథేన్ ఇచ్చాను. చీము తీశారు.

మర్నాటికి పాప తేరుకోవాలి. కానీ తండ్రిని గుర్తుపట్టడం లేదు, అరుస్తోంది, నర్సును కొరికింది. గింజుకోకుండా ఉంటుందని మళ్లీ డయాజెపామ్ సిరంజిలోకి ఎక్కించాను. నర్సూబాయి అడ్డం వచ్చింది.

"మల్ల మత్తేనా? కావీళ్ ఉన్న పోరికి ఎన్ని సూదులిస్తరు సాబ్?"

కావీళ్ అంటే మరాఠీలో కామెర్లు. ఆ మాట నాకు తెలుసు.

"కావీళా? ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పిన గదా! పసిరికలని చెప్పిన. మీరు తెలుగోల్లని తెలుగులనే చెప్పిన!"

పాపను కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్లి రెప్ప లాగి చూశాను. కన్ను పచ్చగా ఉంది. సిరంజి పక్కన పెట్టేశాను.

లివర్ దెబ్బతింటే అమోనియా లాంటి విషాలు రక్తంలో మిగిలిపోయి మెదడుకు చేరతాయి. మత్తుమందు కూడా త్వరగా బయటికి పోదు. లేత మెదడు రెండింటి బరువూ మోయాలి. ఇంకో సూది వేస్తే పాప స్పృహలోకి రాకపోవచ్చు. గ్లూకోజ్ ఎక్కించాం. విరేచనంతో అమోనియా పోవడానికి లాక్టులోజ్ సిరప్ పట్టించాం. మత్తు మాత్రం చుక్క కూడా ఇవ్వలేదు. మందు చెయ్యాల్సిన పని తల్లిదండ్రులు చేశారు. ఒకరి తర్వాత ఒకరు మంచం మీదే కూర్చుని పాపను పట్టుకున్నారు.

మెదడు తేరుకుంటోందా అన్నది చేతి పనిలో తెలుస్తుంది. తెగిన పోగు అతకడం లతకు ఇంట్లో ఆట. తండ్రి నూలు తెచ్చి "అతుకు బిడ్డా" అన్నాడు. మొదట విసిరికొట్టింది. తర్వాత నోట్లో పెట్టుకుంది. ఇంకో రోజుకు ముడి వేసింది గానీ ఊడిపోయింది. ఆ మరుసటి పొద్దున గట్టిగా ముడేసి, తండ్రి వేసిన ముడి లాగి చూసి, "నాయినా, నీది ఊడుతది. మగ్గం ఎట్ల నడుపుతవ్?" అంది. నర్సూబాయి నవ్వుతూ ఏడ్చేసింది.

జబ్బు ఎంత, నా మందు ఎంత అన్నది ఇప్పటికీ తేల్చలేను. పాప తేరుకున్న ఆ రోజే తల్లిదండ్రుల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. తండ్రి, "మీది రేడియో తెలుగు సాబ్. మాది సమజ్ గాకపోతే అడగాలె" అన్నాడు.

తర్వాత నేను మత్తు ఇచ్చే ప్రతి బిడ్డనూ ముందు ఎండ వెలుగులోకి తెచ్చి చూశాను. అర్థం కాని మాట వస్తే సిగ్గుపడకుండా అడిగాను. అది చాలదనిపించింది. జోడ్‌భావి పేటలో బీడీల ఆడవాళ్లు చేరే చోట నాలుగు మాటలు చెబుతానని నర్సూబాయిని అడిగాను. తీసుకెళ్లింది.

"ఆపరేషన్ ముందు పసిరికల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఒకసారి ఒక డాక్టరు ఆ మాట అర్థం కాక..." అని మొదలుపెట్టాను.

"ఒక డాక్టర్ ఏంది సాబ్?" వెనక నుంచి నర్సూబాయి అంది. "ఎవరో చెప్పుండ్రి."

చేతుల్లో బీడీలు ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు.

"నేనే," అన్నాను. మళ్లీ మొదటి నుంచి చెప్పాను.