తువ్వాలు కింద మాట

ఆ రోజు పొద్దున మా నాన్న మంచం మీద లేచి కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి ఎడమ చేత్తో దులిపాడు. నేను జొన్న జావ ముంత తెచ్చి పక్కన పెట్టాను. ఆయన నా చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద నా చిటికెన వేలు పట్టుకుని, మెల్లగా అరచేతిలోకి మడిచి వదిలేశాడు. రోజూ చేసేదే. నేను నవ్వి నీళ్లకు వెళ్లాను. బిందెతో తిరిగి వచ్చేసరికి జావ తాగేసి ముంత బోర్లించి ఉంది. నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు గాని ప్రాణం లేదు.

మా నాన్న సైదులు నరసరావుపేట పశువుల సంతలో ఎడ్ల దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. చుట్టూ మూగినవాళ్లకు తెలియకుండా తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లతో చెప్పుకుంటారు. బొటనవేలు నొక్కితే ఒప్పుకున్నట్టు. చెయ్యి వెనక్కి లాక్కుంటే కుదరదన్నట్టు. అంతా తేలాక నాన్న పైకి ఒకే మాట అనేవాడు: "సరే." ఆయన సరే అన్నాక బేరం తిరగబడిందని ఎవరూ చెప్పగా వినలేదు.

1944 వేసవిలో పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది. నీళ్లు కావాలా అంటే సరే. వద్దా అన్నా సరే. అమ్మను పిలవబోయినా అదే వచ్చేది. తను అనుకున్నది అది కాదని తెలిసి నుదురు కొట్టుకునేవాడు. చూడవచ్చినవాళ్లు చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచేవాళ్లు. కొన్నాళ్లకు అరవడం మానేసి, ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మా పెదనాన్న జహంగీర్‌కు తమ్ముడంటే ప్రాణం. మెడ వెనక వాత పెడితే నాలుక కదులుతుందని ఎవరో చెప్పగా, మాచర్ల అవతల నుంచి వాతలు పెట్టే మనిషిని కుదిర్చాడు.

"పెట్టిద్దామా తమ్ముడూ?"

"సరే."

"ఇన్నావుగా, ఒప్పుకున్నాడు" అన్నాడు పెదనాన్న అమ్మతో.

"ఆయన ఒప్పుకోలా బావా. కళ్లు చూడు."

"కళ్లతో ఏంది? సంతలో వాడి సరేకి తిరుగుండాదా? నీకు మొగుడి మాట మీద కూడా నమ్మకం లేదా?"

ఆ రోజు నుంచి నాన్న ముద్ద సరిగా మింగలేదు.

వాత పెట్టే మనిషి వచ్చి, మా వాకిట్లో నిప్పులు రాజేసి కొడవలి కాలుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే నాన్నతో కలిసి దళారీ చేసిన యోబు సంత నుంచి వచ్చాడు. నిప్పులు ఎందుకో ఆయనకు తెలియదు. మంచం మీద కూర్చుంటూనే అలవాటు కొద్దీ నాన్న తువ్వాలు లాగి కింద చెయ్యి పెట్టాడు.

"ఏందిరా సైదా, ఎడం చెయ్యి ఇస్తన్నావు? నన్ను ముంచేటట్టే ఉండావే!" అని నవ్వాడు.

తువ్వాలు కింద నాన్న పట్టు బిగిసేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కొడవలి వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు.

"ఒరేయ్, నీకు వాత కావాలా?"

"సరే" అంది నోరు. తువ్వాలు కింద నుంచి చెయ్యి విసురుగా బయటికి వచ్చింది.

యోబు ఆ చెయ్యి మళ్లీ పట్టుకున్నాడు. "వద్దా?"

"సరే." ఈసారి చెయ్యి కదల్లేదు.

"జహంగీరన్నా, ఆపించు. నా బొటనేలు నలిగిపోతంది. ఈ బేరం వీడు ఒప్పుకోలా."

పెదనాన్న నమ్మలేదు. వచ్చి తన చెయ్యి తువ్వాలు కింద పెట్టాడు. అందరం వాత గురించే అడుగుతాడనుకున్నాం.

"నా మీద కోపంగా ఉందా తమ్ముడూ?"

"సరే" అంటూ నాన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కోపం లేదని. లాక్కున్న చేత్తోనే అన్న మోచెయ్యి పట్టుకున్నాడు. పెదనాన్న లేచి, ఎర్రగా కాలిన కొడవలిని తనే తీసి నీళ్ల తొట్టిలో ముంచాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో తువ్వాలు ఎప్పుడూ ఆయన భుజం మీదే ఉండేది. ఒకేసారి రెండు ప్రశ్నలు అడగకూడదని, ఒకటి అడిగి చేతి జవాబు కోసం ఆగాలని అమ్మ మా అందరికీ నేర్పింది. పులుసు చేయాలన్నా తువ్వాలే. "ఏమే, మొగుడూ పెళ్లాం ఇంట్లోనే సంత పెట్టారే!" అని పక్కింటి పుల్లమ్మ ఎగతాళి చేసేది. చివరి ఏడాది మతిమరుపు కూడా తోడైంది. ఎప్పుడో అమ్మేసిన ఎద్దుకు మేత వెయ్యమని పెరటివైపు చూపించేవాడు. అమ్మ వాదించేది కాదు. "వేశాలే" అని ఆయన బొటనవేలు నొక్కేది. ఆయన నెమ్మదించేవాడు.

నా చిటికెన వేలు మడవడం మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు. పాత బేరమేదో గుర్తొచ్చి ఆడుకుంటున్నాడనుకునేదాన్ని.

నాన్న పోయాక యోబు పరామర్శకు వచ్చి అదే మంచం మీద కూర్చున్నాడు. నేను ఆయన చిటికెన వేలు పట్టుకుని మడిచి చూపించాను.

"ఇది ఏ ధర బాబాయి?"

"ధర కాదమ్మా. నీ దగ్గిర కమీషను తీసుకోనని అవతలోడికి చెప్పటం" అన్నాడు. "ఇన్నేళ్లు కలిసి తిరిగినా నాకొక్కసారన్నా మడవలా, పీనాసి." కాసేపు ఆ వేలినే చూసుకున్నాడు. "సొంతోళ్లకే మడుస్తం అట్టా."