మగ్గం సద్దు వినిపించమనే మా ఓబులేశు సార్

నిన్న పొద్దున అనంతపురం నుంచి ఫోన్.

"ఓబులేశు సార్ పోయినారన్నా. హార్ట్ ఎటాక్."

"ఏ ఓబులేశు సార్?" అని అడిగాను. నాకు తెలిసింది ఒక్కరే. అయినా అడిగాను.

చేతిలో పట్టునూలు కండె ఉండింది. ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు.

మన వాట్సాప్ గ్రూపులో చాలామందికి సార్ తెలియదు. ఆయన సూదులు వేసే డాక్టర్ కాదు. ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు పేరు చెప్పే డాక్టర్. పేషెంట్లు ఆయన ముఖం కూడా చూడరు.

నేను చూశాను. నా అదృష్టం, నా కొడుకు అదృష్టం.

ధర్మవరంలో మాది నేత ఇల్లు. నేసిన చీర చుట్టుకునే కొయ్య మీదికి వంగి పనిచేస్తాం. రోజూ అది ఒరుసుకుని పొట్ట మీద కాయ కాస్తుంది. నా కొడుకు నాగరాజుకు సరిగ్గా అక్కడే గట్టిగా ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు.

మగ్గం కాయే అనుకున్నాం. వీధంతా అదే మాట. "కాయ లేనోడు ఏం నేసినట్లురా!" అని వాడి మామ ఎగతాళి కూడా చేశాడు.

అది పెరుగుతూనే పోయింది. చివరికి ఒక సర్జన్ తీసేసి ముక్కను టెస్ట్‌కు పంపారు. కుట్లు మానాయి. నాగరాజు మళ్ళీ మగ్గం గుంతలో దిగాడు. పీడ పోయిందనుకున్నాం.

అప్పుడు ల్యాబ్ నుంచి పిలుపు.

రిపోర్ట్ చేతిలో పెట్టి పంపేయొచ్చు. సార్ అలా చేయలేదు. మా ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"ఇది కాయ కాదప్పా. చర్మంలో వచ్చే క్యాన్సర్. శానా అరుదు. కాయ మాదిరి, మచ్చ మాదిరి ఉండి మోసం చేస్తాది. ఇంగోసారి ఆపరేషన్ చేసి చుట్టూ తీయల్ల."

నాకు ఒళ్ళు మండింది.

"తీసినారు కదా సార్! ఇంగేముండాది తీసేకి? వాని పొట్టను యాడిదాకా కోస్తారు?"

కొడుకు చెయ్యి పట్టుకుని లేచాను.

సార్ కోప్పడలేదు. "కూర్చో అన్నా. నువ్వే చూడు" అని మైక్రోస్కోప్ ముందుకు స్టూల్ జరిపారు.

మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. సార్ నవ్వారు. "నిదానంగా చూడప్పా. చీరలో తెగిన పోగు వెదకవా, అట్ల."

తర్వాత కనిపించింది. గులాబి రంగులో సన్నటి పోగుల్లాంటివి. అటొక వరస, ఇటొక వరస, ఈతచాప అల్లినట్లు.

"అల్లిక చూసినావా? కాయలో ఇట్లుండదు. ఆ తెల్లగా ఉండేది కొవ్వు, దాన్లేకి కూడా దూరినాయి. చివర నల్లగీత నేను అంచుకు పూసిన ఇంకు. సర్జన్ కోసింది ఆడికే. పోగులు దానికంటే ముందే నిలిచినాయా?"

చూశాను. నిలవలేదు. అల్లిక నల్లగీత దాకా వచ్చి, అక్కడ తెగి ఉంది.

అంటే మిగతాది ఇంకా నా కొడుకు ఒంట్లోనే ఉంది.

"ఎప్పుడు రమ్మంటారు సార్ ఆపరేషన్‌కు?" అన్నాను.

రెండోసారి తీసిన ముక్క కూడా సార్ దగ్గరికే వచ్చింది. "అన్ని పక్కలా అంచు సాఫ్‌గా ఉండాది పో. గాయం మానినాక మగ్గంలో కూర్చోబెట్టు" అన్నారు.

ఆ రోజు ల్యాబ్ ముందు నిలబడిన అందరికీ టీ తాగించాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా!

ఈ జబ్బు అదే చోట మళ్ళీ రావచ్చట. అందుకే సార్ అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. "చెకప్‌కు పోయినారా?" అని ముందు గద్దింపు. తర్వాత, "ఏదీ, ఫోను మగ్గం కాడ పెట్టు."

కాసేపు వినేవారు.

"ఊఁ, ఆడుతాండాది" అని కట్ చేసేవారు. అంతే. బాగున్నావా, తిన్నావా, ఏమీ ఉండదు.

మా వీధిలో సొంతవాళ్ళు పోతే మగ్గం ఆపుతాం. నిన్న నాగరాజు ఆపేశాడు. సార్‌ను కడసారి చూసి వచ్చాం. ఈ పొద్దు కూడా వాడు బయటే కూర్చున్నాడు. "మనోళ్ళు పోయినట్లే కదా నాయనా" అన్నాడు.

ఆ మాట నిజమే. కానీ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు ఊపిరాడలేదు.

"లెయ్‌రా. ఆడించు. ఆయప్ప అడిగింది ఆ సద్దొకటే కదా" అన్నాను.

లేచాడు. ఆడిస్తున్నాడు. నేను పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. కళ్ళలో నీళ్ళు, లోపల పట్టలేనంత సంతోషం. తప్పుగా అనుకోకండి. నా కొడుకు ఉన్నాడు!

సార్, మగ్గం ఆడుతాండాది.
మీరు నెమ్మదిగా పండుకోండి.