మామిడి వరసల నడుమ జాగ

ఊర్మిళాబెన్ తోట చూడ మేం పోయింది సరదాకు గాదు. సిరిసిల్ల దిక్కున్న మా ఎకరంల మామిడి చెట్లను సోమవారం జేసీబీ పెట్టి పీకిస్తనని మా మరిది నర్సయ్య ఫోన్ చేసిండు. "కాయ కాస్తలేదు, కింద గడ్డి గూడ మొలుస్తలేదు వదినా, మళ్ళ పత్తే పెట్టుకుందాం" అన్నడు. ఆ చెట్లు మా ఆయన మల్లేశం సూరత్ నుంచి సెలవు పెట్టి పోయి తన చేత్తో నాటినవి. ఇక్కడ సూరత్‌ల ఖటోదర కాడ ఆయన నడిపే మగ్గాలు ఎప్పుడు బందైతయో తెల్వదు. బందైతే మాకు ఆ ఎకరమే దిక్కు. ఫోన్ వచ్చినకాంచి మనిషి సరిగ తింటలేడు.

ఊర్మిళాబెన్ మా గల్లీకి పసుపు, కూరగాయలు తెచ్చి అమ్ముతది. వాళ్ళ ఊరు వ్యారా అవతల. మా బాధ విని, "పీకేముందు ఒక్కపారి మా తోట చూడుండ్రి" అన్నది. ఆదివారం పొద్దున ఆరింటికి ఉధ్నా స్టేషన్ల పాసింజర్ బండి ఎక్కినం. మీరు పోతె ఎడమ దిక్కు కిటికీ కాడ కూసోండ్రి, కుడి దిక్కు ఎండ కొడతది. బార్డోలీ వచ్చినంక జొన్నరొట్టె, వంకాయ కూర డబ్బ విప్పిన. మల్లేశం సగం రొట్టె తిని పక్కకు పెట్టిండు. ఎదురుంగ కూసున్న ముసలాయన ఏడికి పోతున్నరని హిందీల అడిగిండు. చెట్లు చూడ అని చెప్పిన. "సూరత్ వాళ్ళు చెట్లు చూడ టికెట్ కొంటున్నరా?" అని నవ్విండు. నాకు కోపమొచ్చింది గని, ఆయనన్నది నిజమే.

వ్యారాల దిగి చాయ్ తాగి, షేర్ ఆటో ఎక్కి అరగంట పోయినం. ఊర్మిళాబెన్ రోడ్డు మీదనే నిలబడి ఉన్నది.

తోటల అడుగు పెట్టంగనే తల పైకెత్తి చూసిన. పైన మామిడి కొమ్మలు. వాటి నీడ అంచుకు పసుపు, నా నడుము దాంక. రెండు వరసల నడుమ ఎండ పడే జాగల కంది, దాని పూత నిండ తేనెటీగలు. ఆ పక్కన బెండ. గట్టు పొంట వెదురు, టేకు. రాలిన ఆకులు పరుపు లెక్క పడి ఉంటె ఊర్మిళాబెన్ చేత్తో జరిపి చూపెట్టింది, కింద తడి, వానపాములు. మగ్గాల షెడ్డుల దారం దుమ్ము పీల్చిన ముక్కుకు ఆ మట్టి వాసన తగిలి నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఎందుకో నాకే తెల్వదు.

"మా అత్త ఉన్నప్పుడు ఇక్కడ రాళ్ళే ఉండె. వానలు పోంగనే అందరం సూరత్‌కు కూలికి పోయేది" అన్నది ఊర్మిళాబెన్. "ఇప్పుడు మా కూరగాయలు పోతున్నయి."

మల్లేశం మాత్రం వరసల నడుమనే చూస్తున్నడు. "ఇంత జాగ ఏంది బెహెన్? ఇక్కడి చెట్లు చచ్చినయా?" అని అడిగిండు. మగ్గాల మోత నడుమ బతికినోళ్ళం, మాకు మెల్లగ మాట్లాడుడు రాదు. ఆ గొంతుకు వెదురుల కూసున్న పిట్టలన్ని లేచి పోయినయి.

ఊర్మిళాబెన్ నోటి మీద వేలు పెట్టుకొని నవ్వింది. "చావలే మల్లేశ్‌భాయి, కావాలనే ఇడిసినం. మా తిండి ఆ జాగలనే పండుతది. మీరెంత దూరం పెట్టిండ్రు?"

ఆయన రెండు చేతులు చాపి చూపెట్టిండు. ఆమె నవ్వు ఆగిపోయింది.

అప్పుడు నాకు సమజైంది. పడుగుల ఒక్క పోగు తెగినా బట్టల సందు పడతది, సేఠ్ తిడతడు. సందు కనిపిస్తే ముడేసుడు తప్ప ఇంకోటి తెల్వని చెయ్యి ఆయనది. మా ఎకరంల గూడ ఆ చెయ్యి సందు ఉండనియ్యలే. మొక్క పక్కన మొక్క పెట్టి, "ఎంత నిండుగుందో చూడు పద్మా" అని ఆనాడు నాకు ఫోటో పంపిండు.

"అయితే అన్నీ పోయినట్టేనా?" అన్నడు.

"అన్నీ ఎందుకు? వరస ఇడిసి వరస తియ్యి. తీసిన కొమ్మలు, ఆకులు ఆడనే నేల మీద పరిచెయ్యి. మిగిలినవాటికి గాలి, ఎండ తగులుతది. నడుమ కంది పెట్టు."

"నేను పెట్టినవి సగం నేనే కొట్టాల్నా?"

ఆమె చేతి మట్టి దులుపుకున్నది. మమ్మల్ని అన్నానికి పిలిచింది. రాగిరొట్టె, కందిపప్పు, మామిడికాయ తొక్కు, అన్నీ ఆ చేనువే. ఒక్క చేను ఇన్ని పెడతదా అని నేను నోరు తెరిచి చూస్తుంటె, మల్లేశం అడిగి మరీ ఇంకో రొట్టె ఏసుకున్నడు. తిన్నంక ఒక్కడే పోయి ఆ వరసల నడుమ శానసేపు నడిచిండు. ఈసారి పిట్టలు లేవలే.

సాయంత్రం బండి కిటకిటలాడుతున్నది. పోవాలనుకునేటోళ్ళు వానలు తగ్గినంక, కంది పూతకొచ్చినప్పుడు పోండ్రి. మనిషి పొట్ట, పిట్ట గూడు ఒక్క జాగల ఇముడుతయని ఎవరన్న చెప్తే నేను గూడ నమ్మకపోదును, కండ్లార చూసిన కాబట్టి రాస్తున్న.

బార్డోలీ దాటినంక మల్లేశం తమ్మునికి ఫోన్ కలిపిండు. "జేసీబీ వద్దురా. నేనొస్త. వరస ఇడిసి వరస నేనే తీస్త."

అవతల నర్సయ్య గొంతు నాకు గూడ వినిపించింది. "ఏందన్నా, గింత మెల్లగ మాట్లాడుతున్నవ్? పానం బాగలేదా?"

"బాగనే ఉందిరా" అన్నడు మల్లేశం, అంతే మెల్లగ.